రెజ్యూమెలో రాయాలా వద్దా అనుకున్న ఒక్క లైను

ఆగస్టులో అమెరికాలోని ఏమ్స్‌కి, అంటే మా అయోవా స్టేట్ యూనివర్సిటీ ఉన్న ఊరికి, చదువుకోడానికి రాబోతున్న ఒకమ్మాయి మొన్న మెసేజ్ పెట్టింది. "అక్కా, క్యాంపస్‌లో డైనింగ్ హాల్ తప్ప ఇంకేం జాబ్స్ దొరకవా?" అని. మాకు ముఖపరిచయం లేదు, నా రూమ్మేట్‌కి చిన్నమ్మ కూతురట. జవాబు రాయడం మొదలుపెడితే చెయ్యి ఆగలేదు. వాట్సాప్‌లో అంత పొడుగు మెసేజ్ చూస్తే పాపం బెదిరిపోతుందని ఇక్కడ రాస్తున్నా.

నేను చదివింది కంప్యూటర్ సైన్స్ ఎం.ఎస్. పని చేసింది మొక్కజొన్న ల్యాబులో. 2024 జనవరి నుంచి 2025 మే దాకా, గంటకి 13 డాలర్లు. ఆ ల్యాబులో అడుగు పెట్టేదాకా మొక్కల మీద పరిశోధన అంటే తెల్లకోటు వేసుకుని మైక్రోస్కోపులోకి తొంగిచూడడం అనుకున్నా. మైక్రోస్కోపు ఉంది గానీ నేను దాన్ని ముట్టుకున్నది రెండేసార్లు. మిగతా కాలమంతా గింజలు లెక్కపెట్టాను, కవర్ల మీద నంబర్లు రాశాను, ఎండలో నిలబడి కంకులకి సంచులు తొడిగాను.

2023 ఆగస్టులో నేను దిగినప్పుడు డెమోయిన్ ఎయిర్‌పోర్టు నుంచి ఏమ్స్ దాకా రోడ్డుకి రెండు పక్కలా మొక్కజొన్న, సోయా, మళ్లీ మొక్కజొన్న. కారు పంపిన సీనియర్ అన్న "ఇంకేం లేదమ్మా ఇక్కడ, ఇదే" అన్నాడు. నాకు మాత్రం ఊరు దాటి వచ్చినట్టే అనిపించలేదు. మా వైపు పత్తి ఇలాగే ఉంటుంది, చూపు ఆనినంత మేర.

మొదటి రెండు నెలల్లో మా డిపార్ట్‌మెంట్‌లో ప్రొఫెసర్లకి 34 మెయిళ్లు పెట్టాను. ఇద్దరు జవాబిచ్చారు, ఇద్దరూ ఫండింగ్ లేదనే. డైనింగ్ హాల్లో ప్లేట్లు వచ్చే బెల్టు దగ్గర పని దొరికింది. ఆ పనిని తక్కువ చెయ్యను. సోషల్ సెక్యూరిటీ నంబరుకి అప్లై చెయ్యాలంటే ముందు ఉద్యోగం ఇస్తున్నట్టు లెటరు కావాలి, ఆ లెటరు నాకు ఆ గిన్నెల పనే ఇప్పించింది. డిసెంబరులో పరీక్షల మధ్య స్టూడెంట్ జాబ్స్ సైట్ చూస్తుంటే ఒక ప్రకటన కనబడింది. విత్తనాలు లెక్కపెట్టి కవర్లలో నింపాలి, గ్రీన్‌హౌస్‌లో నీళ్లు పెట్టాలి, వేసవిలో పొలంలో పని ఉంటుంది, ఎండకి ఓర్చుకోవాలి, 50 పౌండ్ల బరువు ఎత్తగలగాలి. అనుభవం అక్కర్లేదు, నేర్పిస్తాం.

ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను. నాకు అనుభవం ఉంది మరి.

మాది గద్వాల దగ్గర పల్లెటూరు. కృష్ణకి, తుంగభద్రకి మధ్యలో ఉంటుంది కాబట్టి నడిగడ్డ అంటారు. మా దగ్గర పత్తి అంటే మామూలు పత్తి కాదు, సీడ్ పత్తి. కంపెనీలు అమ్మే హైబ్రిడ్ పత్తి విత్తనం తయారయ్యేది ఇలాంటి ఊళ్లలోనే. ఆర్గనైజర్, అంటే కంపెనీకీ రైతుకీ మధ్య మనిషి, ఆడ విత్తనం, మగ విత్తనం వేరువేరుగా ఇస్తాడు, పెట్టుబడికి అడ్వాన్సూ ఇస్తాడు. ఆ అడ్వాన్సుతోనే రైతు మెడకి తాడు పడుతుందనుకోండి, అది ఇంకో కథ. పూత మొదలైనప్పటి నుంచి రెండు మూడు నెలలు ఊరు ఊరంతా చేలోనే. ఆ పనికి మా వాళ్లు పెట్టుకున్న పేరు క్రాసింగ్. చదువురాని మా అమ్మ కూడా క్రాసింగనే అంటుంది.

పత్తి పువ్వులో ఆడా మగా రెండూ ఒకే చోట ఉంటాయి. వదిలేస్తే తన పుప్పొడి తనకే అంటుకుని హైబ్రిడ్ తయారవదు. అందుకే రేపు విచ్చే మొగ్గని ఇవాళ సాయంత్రమే పట్టుకోవాలి. బొటనవేలి గోటితో మొగ్గ అడుగున గాటు పెట్టి, రేకుల్నీ వాటితోబాటు పుప్పొడి గింజలున్న గొట్టాన్నీ ఒక్క మెలికతో ఊడదీసెయ్యాలి. లోపల కీలాగ్రం, దాని కింద అండాశయం, రెండింటికీ దెబ్బ తగలకూడదు. గోరు లోతుగా దిగితే కాయ రాలిపోతుంది. పైపైన గీకితే పుప్పొడి మిగిలిపోతుంది. మర్నాడు పొద్దున మగ చేలో పూలు తెంపుకొచ్చి ఒక్కో దానికీ రుద్దాలి. పిల్లల వేళ్లు సన్నం, ఎత్తు కూడా మొక్కకి సరిగ్గా సరిపోతుంది. అందుకని పిల్లల్నే పెట్టేవాళ్లు. నేను మూడో తరగతి నుంచి ఆరో తరగతి దాకా నాలుగు సీజన్లు చేశాను. కూలి రోజుకి 50 రూపాయలు, అదీ మా అమ్మ చేతికి. ఆగస్టు నుంచి బళ్లో నా పేరు పిలవడం మానేసేవాళ్లు. ఏడులో కస్తూర్బా బళ్లో చేర్చాక ఆ పని ఆగింది. మా అక్కకి ఆగలేదు.

ఇప్పుడు ఈ సంగతి రెజ్యూమెలో ఎలా రాస్తారు? పైథాన్, జావా, హడూప్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్టు, వీటన్నిటి కింద "పత్తి విత్తనోత్పత్తిలో చేతితో పరాగ సంపర్కం, నాలుగు సీజన్లు" అని టైప్ చేసి చూశాను. రూమ్మేట్ చూసి "కూలికి పోయానని రాసుకుంటారా ఎవరైనా? తీసెయ్" అంది. తీసేశాను. మళ్లీ పెట్టాను. రాత్రి ఒంటిగంటకి అలాగే సబ్మిట్ కొట్టి పడుకున్నా.

ఇంటర్వ్యూ చేసింది ల్యాబ్ మేనేజరు. అరవైకి దగ్గర పడిన మనిషి, ఆ ల్యాబులో ప్రొఫెసర్ కన్నా ముందు నుంచీ ఉన్నారు. పైథాన్ ఊసే ఎత్తలేదు. చివరి లైను మీద వేలు పెట్టి "రేపు ఏ మొగ్గ విచ్చుతుందో నీకెలా తెలుస్తుంది?" అన్నారు. అంతవరకు ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. రేపటి మొగ్గ ఇవాళ మధ్యాహ్నానికి పై ఆకుల్లోంచి దీపపు వత్తిలాగా పొడుచుకొస్తుంది, ఎల్లుండి మొగ్గ ఇంకా లోపలే ముడుచుకుని ఉంటుంది అని చెప్పాను. ఇంగ్లీషులో మాట తట్టక టేబుల్ మీది టిష్యూ పేపరు మొగ్గలా చుట్టి, గోరెలా పెడతామో చేసి చూపించాను. ఆవిడ నా మొహం చూడలేదు, వేళ్లే చూశారు. "సోమవారం రాగలవా?" అన్నారు.

డైనింగ్ పని మానేశాను. ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఎఫ్1 వీసా మీద క్లాసులు నడిచేటప్పుడు వారానికి 20 గంటలే. ఒక్కో ఉద్యోగానికి 20 కాదు, అన్నీ కలిపి 20. ఇక్కడ పదిహేను, అక్కడ పది అని సర్దుకున్న ఒకబ్బాయి పడ్డ టెన్షన్ నేను కళ్లారా చూశాను. సెలవుల్లో మాత్రం క్యాంపస్‌లో ఫుల్‌టైమ్ చేసుకోవచ్చు.

చలికాలమంతా గింజల పనే. బయట మైనస్ 20, లోపల ఒక పొడుగాటి బల్ల చుట్టూ నలుగురం. నిరుటి కంకులు అట్టపెట్టెల్లో వస్తాయి, ప్రతి కంకికీ ఒక ట్యాగు. ఒలిచి, 25 గింజలు లెక్కపెట్టి, చిన్న గోధుమరంగు కవరులో పోసి, కవరు మీద నంబరు ట్యాగుతో సరిపోయిందా అని ఇంకొకరితో చదివించుకుని, అప్పుడు ట్రేలో పెట్టాలి. లెక్కపెట్టేటప్పుడు మాట్లాడకూడదు. ఇదంతా పిల్లలాటలాగే ఉంటుంది గానీ వెయ్యి కవర్లు దాటాక కళ్లు కంకుల్లా అవుతాయి.

ఆ బల్ల దగ్గర ఒక నియమం నాకు చాలా కష్టమైంది. గింజ నేల మీద పడితే చెత్తబుట్టలోకే. ఎక్కడ పడిందో చూశాను, ఈ కవరులోదే, ఒట్టు అన్నా సరే. నేల మీద నిన్నటి గింజ ఉండొచ్చు, పోయిన వారం గింజ ఉండొచ్చు, చూడ్డానికి అన్నీ పచ్చగానే ఉంటాయి. ఒక్క తప్పు గింజ మొలిస్తే ఆ వరసలో మూడేళ్ల పని పోతుంది. నాకు బుర్రకి అర్థమైంది, చేతికి అర్థం కాలేదు. మా ఇంట్లో గింజ కాలికి తగిలితే తీసి కళ్లకద్దుకుంటాం. మొదటి వారం కింద పడ్డ ప్రతి గింజనీ వంగి తీసి, కళ్ల దాకా తీసుకెళ్లి, అప్పుడు బుట్టలో వేసేదాన్ని. పక్కనున్న అబ్బాయి, వాసన చూస్తున్నానేమో అనుకున్నాడట.

ఆ బల్ల దగ్గర అందరికన్నా ఎక్కువ వినబడే పేరు బి73. అదొక మొక్కజొన్న రకం, ఈ యూనివర్సిటీలోనే పుట్టి 1972లో బయటికొచ్చింది. ఎన్నో హైబ్రిడ్లకి ఇది తల్లి. 2009లో మొక్కజొన్న జన్యుక్రమం మొదటిసారి ప్రచురించినప్పుడు చదివింది దీని జన్యువులే. అంత పెద్ద పేరున్న మొక్క ఎలా ఉంటుందోనని ఎదురుచూశాను. గ్రీన్‌హౌస్‌లో మొలిచాక చూస్తే మా పెరట్లో మక్క మొక్క కన్నా నీరసంగా ఉంది. తనతో తనకే సంకరం చేసీ చేసీ శుద్ధ రకంగా మార్చినవన్నీ అలాగే పీలగా ఉంటాయట. రెండు పీల మొక్కల్ని కలిపితే పుట్టేదే ఏపుగా లేస్తుంది. మా సీడ్ పత్తిలో జరిగేదీ అదే, నాలుగేళ్లు అందులో చేతులు పెట్టి కూడా నాకు ఎందుకో తెలియదు. చెప్పినవాళ్లూ లేరు.

మార్చిలో డిఎన్‌ఏ పనికి మార్చారు. మొలకల ఆకుల్లోంచి పేపరు పంచింగ్ మెషీన్‌తో చేసినట్టు చిన్న చిన్న బిళ్లలు తీసి, 96 గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటులో ఒక్కో గుంటలో వెయ్యాలి. అడ్డంగా 12, నిలువుగా 8. మొదటి గుంట ఎ1, ఆఖరిది హెచ్12. ఆకుల్ని గడ్డకట్టించి పొడి చేసి, సీటాబ్ అనే ద్రావణం పోసి వేడి నీళ్లలో పెట్టి డిఎన్‌ఏ తీస్తారు. నాకిష్టమైన పని, శుభ్రంగా ఉంటుంది, ఎండ లేదు. ఆ గర్వంలోనే ఒక ప్లేటు తలకిందులుగా పట్టుకున్నాను.

అంటే తిరగేసి కాదు, అటుది ఇటుగా తిప్పి. ఎ1లో వెయ్యాల్సింది హెచ్12లో వేశాను, అక్కడి నుంచి అన్నీ వరసగా అలాగే. నాకు తెలియనే లేదు. వారం తర్వాత పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబులో పరిశోధన చేసే అతను) పిలిచి స్క్రీన్ చూపించాడు. మా ల్యాబులో ఎప్పుడూ హెచ్12 గుంట ఖాళీగా వదిలేస్తారు. ఎందుకు వదులుతారో ఆ రోజు తెలిసింది. ఖాళీగా ఉండాల్సిన చోట డిఎన్‌ఏ ఉంది, ఎ1లో ఏమీ లేదు. నా కాళ్లలో వణుకు మొదలైంది. తిడతాడనుకున్నా. తిట్టకుండా "ఏం జరిగిందంటావు?" అన్నాడు. అది ఇంకా భయం. కాసేపు దిక్కులు చూసి, జరిగింది చెప్పాను. మొత్తం ప్లేటు ఒకేలా తిరిగింది కాబట్టి పేర్ల పట్టికని చివరి నుంచి మొదటికి తిరగరాస్తే సరిపోతుంది. పైథాన్‌లో ఒక్క లైను. పదిహేడు నెలల్లో నా ఎం.ఎస్. ఆ ల్యాబుకి అంత సూటిగా పనికొచ్చింది ఆ ఒక్కసారే, అదీ నా తప్పు దిద్దుకోడానికి. తర్వాత ప్రతి ప్లేటుకీ ఎ1 మూల మార్కర్‌తో నల్లగా రంగేసి మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు అక్కడ కొత్తగా చేరినవాళ్లకి అదే నేర్పిస్తున్నారట.

వేసవి గురించి చెప్పాలి. అది లేకపోతే ఇదంతా రాసేదాన్ని కాదు.

మా బ్యాచ్‌లో చాలామందికి ఇంటర్న్‌షిప్‌లు వచ్చాయి. సియాటిల్ ఒకరు, డాలస్ ఒకరు. లింక్డ్‌ఇన్ తెరిస్తే బ్యాడ్జీల ఫొటోలు. నాకు రాలేదు. జూలైలో నేను ఏడింటికి పొలంలో ఉండేదాన్ని, మోకాళ్ల దాకా మంచుకి తడిసి. మొక్కజొన్న ఎనిమిదడుగులు, ఆకు అంచు రంపం. పొడుగు చేతుల చొక్కా వేసుకోకపోతే సాయంత్రానికి చేతులన్నీ గీతలు. పది దాటాక గాలాడదు, మొక్కలు వదిలే తేమ అంతా వరసల మధ్య నిలిచిపోతుంది. అక్కడివాళ్లు దాన్ని మొక్కజొన్న చెమట అంటారు. నడుముకి జేబుల ఏప్రన్, అందులో కవర్లు, స్టేప్లరు, మార్కరు. తలమీద టోపీ చుట్టూ నా చున్నీ. మా అమ్మ చూస్తే గుర్తుపట్టే వేషమే.

మొక్కజొన్న క్రాసింగ్ పత్తితో పోలిస్తే నిజంగా సులువు. మగ పూత నెత్తిన ఉంటుంది, ఆడది నడుము దగ్గర కంకిలో. గోటితో గిల్లే పనే లేదు, రెండింటికీ ముసుగెయ్యడమే. కంకికి పీచు బయటికి రాకముందే చిన్న నున్నటి కాగితం సంచి తొడగాలి. పీచు వచ్చాక దాన్ని కొసన కత్తిరిస్తే మర్నాటికి సమంగా, బ్రష్షులా పెరుగుతుంది. మగ పూతకి ముందు రోజే పెద్ద గోధుమరంగు సంచి కట్టి బిగించాలి, అప్పటికే దానిమీద పడి ఉన్న పరాయి పుప్పొడి ఒక రాత్రిలో చచ్చిపోతుంది. పొద్దున మంచు ఆరాక పూతని వంచి సంచిలోకి దులిపితే పచ్చటి పొడి గలగలమని రాలుతుంది. దాన్ని కంకి పీచు మీద పోసి, అదే సంచి కంకికి తొడిగి, కాండం చుట్టూ తిప్పి స్టేపుల్ కొట్టి, పైన ఏ వరసకి ఏ వరస, తేదీ, ఎవరు చేశారు అనేది రాయాలి. మొక్కని దానితోనే కలిపితే గుండ్రం గీసి లోపల ఇంటూ గుర్తు. ఒక్కో పీచు ఒక్కో గింజకి దారి. ఎన్ని పీచులకి పుప్పొడి అందితే అన్ని గింజలు.

మొదటి రోజు 60 చేశాను. మూడో వారానికి 200 దాటించాను. ల్యాబ్ మేనేజరు నా వెనక వరసలో వస్తూ "నీ చేతికి ఇది ముందే తెలుసు" అన్నారు. ఆవిడకి కాలం లెక్క రెండే ముక్కలు, డెరేచోకి ముందు, తర్వాత. 2020 ఆగస్టు 10న వచ్చిన ఆ గాలివాన అయోవాలో చాలా పంటని నేలకి పరిచేసింది. పడిపోయిన మొక్కల మధ్య పాకుతూ ట్యాగులు ఏరుకున్న సంగతి భోజనం దగ్గర ఎన్నిసార్లు చెప్పారో. రెండు నెలలు ఆవిణ్ణి మేడమ్ అని పిలిచాను. పేరు పెట్టి పిలవమని మూడుసార్లు చెప్పి, నాలుగోసారి విసుక్కున్నారు. ఇప్పటికీ పేరు నోటికి వచ్చేముందు చిన్న ఆగుడు ఉంటుంది.

నాతో పనిచేసే కుర్రాడిది అయోవాలోనే ఒక పల్లె. పద్నాలుగో ఏటనే డీటాసెలింగ్‌కి వెళ్లానని గొప్పగా చెప్పాడు. హైబ్రిడ్ విత్తనం పండించే చేలో ఆడ వరసల నెత్తిన మగ పూత పీకెయ్యాలి, అప్పుడు పక్క వరసల పుప్పొడే పడుతుంది. యంత్రం పీకగా మిగిలినవి పిల్లలు పీకుతారు. ఈ రాష్ట్రంలో మూడు తరాల మొదటి సంపాదన అదేనన్నాడు. మధ్యలో కొన్నేళ్లు ఆ పని తప్పించడానికి మగ పూతలో పుప్పొడే రాని రకం వాడారు. దేశంలో చాలా భాగం అదే వేశారు. 1970లో ఆకుమాడు తెగులు సరిగ్గా ఆ రకాన్నే పట్టుకుని దేశం మొత్తం పంటలో దాదాపు 15 శాతం తినేసింది. మళ్లీ పిల్లలు చేలోకి వచ్చారు.

"మీ ఊళ్లో కూడా ఉందా ఇలా?" అని అడిగాడు. ఉందన్నాను. "నీకెన్నేళ్లప్పుడు?" ఎనిమిది అన్నాను. వాడు నవ్వడం ఆపేశాడు. తనది జూలైలో మూడు వారాలు, బడికి సెలవులు. బస్సులో తీసుకెళ్తారు, డబ్బు తన బ్యాంకు ఖాతాలో పడుతుంది, దాంతో సైకిల్ కొనుక్కున్నాడు. నాది ఆగస్టు నుంచి, బడి రోజుల్లో. పని మాత్రం ఒకటే. మేమిద్దరం తర్వాత చాలాసేపు మాట్లాడుకోకుండా సంచులు కట్టుకుంటూ పోయాం. నాకు వాడిమీద కోపమేం రాలేదు. మా అక్క గుర్తొచ్చింది, అంతే. దాని గోరు నా గోరు కన్నా పదునైంది, రోజుకి నాకు రెండింతలు చేసేది. దానికి ఎవరూ "నీ చేతికి ఇది తెలుసు" అనలేదు.

ఆ వారం వీడియో కాల్‌లో అమ్మకి పొలం చూపించాను. "అంత దూరం పోయి ఆడ కూడా క్రాసింగేనా బిడ్డా?" అంది. తర్వాత ఫోన్ దగ్గరికి పెట్టమని, స్టేపుల్ కొట్టిన సంచి జాగ్రత్తగా చూసి, "దారం కట్టలేదేం? గాలికి పోదా?" అంది.

పోయింది. ఆగస్టు మొదట్లో ఒక రాత్రి గాలివాన వచ్చి చిన్న సంచులు కొన్ని ఎగిరిపోయాయి. అలాంటి కంకుల్ని వదిలెయ్యాలి, నియమం అదీ. ఒక వరసలో మాత్రం ఆలస్యంగా వచ్చిన మొక్కలు నాలుగే మిగిలాయి. వాటిలో సంచి ఎగిరిపోయిన ఒక కంకికి పీచు ఇంకా రాలేదనిపించి సంచి తిరిగి తొడిగాను, రెండు రోజులకి క్రాసింగ్ చేశాను. సెప్టెంబరు చివర కోత. ఎండబెట్టాక మేనేజరు ఒక కంకి తెచ్చి నా ముందు పెట్టారు, మాట లేదు. పచ్చటి కంకి మీద మూడు ఊదారంగు గింజలు. పక్క ప్లాట్‌లో ఊదా గింజల మొక్కలు ఉండేవి. మొక్కజొన్నలో తండ్రి రంగు అదే ఏడాది గింజ పొట్టు కిందే కనబడిపోతుంది. అంటే నేను చూసినప్పుడు మూడు పీచులు బయటికి వచ్చేసి ఉన్నాయి. మూడంటే మూడే. సంచి మీద చేసినవాళ్ల పేరు దగ్గర నా అక్షరాలు, తేదీతో సహా.

ఇలాంటి మచ్చల గింజల్ని చూసే బార్బరా మక్‌క్లింటాక్ జన్యువులు చోటు మారతాయని కనిపెట్టి 1983లో నోబెల్ తెచ్చుకుందని ఆ కుర్రాడు నన్ను ఓదార్చబోయాడు. నాకు నోబెల్ ఏమీ రాలేదు. కంకి బుట్టలోకి వెళ్లింది.

చెల్లీ, నువ్వు అడిగినదానికి వస్తా. ఇలాంటి పని కావాలంటే ప్రొఫెసర్లకి పెట్టేకన్నా ల్యాబ్ మేనేజర్లకి, గ్రీన్‌హౌస్ వాళ్లకి రాయి. గంటల పనికి మనుషుల్ని తీసుకునేది ఎక్కువగా వాళ్లే. అగ్రానమీ, హార్టికల్చర్, ప్లాంట్ పాథాలజీ, ఎంటమాలజీ, అన్నీ చూడు. మెయిల్ ఆరు లైన్లు దాటకూడదు. ఏయే రోజులు ఎన్ని గంటలు ఖాళీయో రాయి, శని ఆదివారాలు గ్రీన్‌హౌస్‌కి నీళ్లు పెట్టగలనని రాయి. ఆ ఒక్క మాటకే చాలామంది పడిపోతారు, ఎందుకంటే అమెరికన్ పిల్లలు వారాంతం ఇంటికి పోతారు. వేసవి కోసం ఫిబ్రవరిలోనే అడుగు. డబ్బు సంగతి, 20 గంటలకి నాకు వారానికి 260 డాలర్లు. ఫీజుకి చాలదు, తిండికి, అద్దెకి చాలు. మొదటి అయిదేళ్లు మన జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు ఉండకూడదు, పట్టుకుంటే వెంటనే పేరోల్ వాళ్లకి చెప్పు. పన్ను రిటర్న్ 1040-ఎన్‌ఆర్ ఫారం మీద వెయ్యాలి. భారతీయ విద్యార్థులకి రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందం ప్రకారం స్టాండర్డ్ డిడక్షన్ వస్తుంది, అది వదిలేసి పన్ను ఎక్కువ కట్టేవాళ్లు నాకు తెలిసే ముగ్గురున్నారు. ఇది చేస్తే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తుందా అంటే, దీనివల్ల రాదు. నాకు వచ్చిన ఇంటర్వ్యూల్లో ప్లేటు కథ మాత్రం రెండుచోట్ల చెప్పించుకున్నారు.

ఇంకోటి. మీ ఇంట్లో పొలం ఉంటే ఆ లైను తీసెయ్యకు.

2024 డిసెంబరులో ఊరికి వెళ్లేముందు ఏం తేవాలి అని అమ్మని అడిగాను. చాక్లెట్లు, బాదం, ఏదో ఒకటి అంటుందనుకున్నా. "ఆ సంచులు నాలుగు తే, వానకి తడిసినా చిరగట్లేదన్నవ్ కదా" అంది. మేనేజర్‌కి చెబితే నవ్వి, కొత్త కట్టలోంచి పాతిక తీసిచ్చారు. సూట్‌కేసులో చాక్లెట్ల కింద పెట్టుకుని తీసుకెళ్లాను.

ఈమధ్య మా అక్క కొడుకు ఫొటో పంపాడు. దూలానికి వరసగా ఆ గోధుమరంగు సంచులు, మూతి మడిచి, స్టేపుల్ కాదు, దారంతో మూడు చుట్లు తిప్పి కట్టి ఉన్నాయి. లోపల వచ్చే ఏటికి విత్తనాలు. పైన వాడి వంకర అక్షరాల్లో సొర, బీర, చిక్కుడు. తేదీ లేదు. ఏ పాదువో లేదు.

"తేదీ వెయ్యమని చెప్పు" అని రిప్లై పెట్టాను. "అమ్మమ్మకి గుర్తుంటదంట" అని వచ్చింది.